పొదిగిన పిల్ల, కొన్న పిల్ల: తెలుగు ఇళ్లలో కోళ్ల పెంపకం చరిత్ర

తెలుగు పల్లెల్లో కోడిపిల్ల డబ్బు పెట్టి కొనుక్కునే వస్తువుగా మారి గట్టిగా 60 ఏళ్లు దాటలేదు. అంతకుముందు తరతరాలుగా పిల్ల పెరట్లోని పెట్ట కింద పుట్టేది, లేదా చుట్టరికం మీదనో వాటా మీదనో పక్కింటి పెట్ట కింద పుట్టి తల్లితో పాటు ఈ ఇంటికి వచ్చేది. సంతలో ఎదిగిన పుంజులు, పెట్టలు, గుడ్లు అమ్ముడుపోయేవి గాని, తల్లి రెక్క కింద నుంచి తీసిన పసిపిల్లను కొనేవారు ఉండేవారు కాదు. తల్లి లేని పిల్లకు వెచ్చదనం ఇచ్చే ఏర్పాటు ఏ ఇంట్లోనూ లేకపోవడమే దానికి కారణం. ఈ స్థితిని యంత్రం మార్చిందని అనుకోవడం సహజమే అయినా, యంత్రం తెచ్చిన మార్పు కంటే పక్షిలో జరిగిన మార్పే పెద్దది. గుడ్ల మీద కూర్చోవాలన్న కోరికను, అంటే పొదిగే గుణాన్ని, తరతరాల ఎంపికతో కోడి నుంచి తొలగించిన తరువాతే పిల్లల వ్యాపారం నిలదొక్కుకుంది. ఇంటి కోళ్ల చరిత్ర చాలామటుకు ఆ ఒక్క గుణం చుట్టూ తిరిగిన చరిత్ర.

పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి. సింధు లోయలోనే అది మొదట మచ్చికైందని చాలాకాలం పుస్తకాలు రాశాయి గాని, 2020లో వెలువడిన విస్తృత జన్యు పరిశోధన ఆ మూలాన్ని నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల్లో తిరిగే ఒక ఉపజాతికి జరిపింది. 2022లో ఎముకల వయసును తిరిగి పరిశీలించిన పండితులు నిస్సందేహంగా పెంపుడు కోడివని చెప్పదగిన అతి పాత ఎముకలు మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో, క్రీస్తుపూర్వం 1650-1250 మధ్య కాలానివని తేల్చారు. వరి, చిరుధాన్యాల సాగు మొదలైన చోట గింజల కోసం అడవికోడి ఊరికి దగ్గరై, క్రమంగా మచ్చికైందన్నది వారి వాదన. పుట్టిన పిల్లకు మొదటి మేతగా నేటికీ నూకలు చల్లే ఇళ్లలో ఆ వాదనను కాదనేవారు ఉండరు. దక్షిణ భారతానికి కూడా ఈ కథలో తనదైన పాలు ఉంది. కోళ్ల కాళ్లకు, చర్మానికి ఉండే పసుపు రంగుకు కారణమైన జన్యువు ఎర్ర అడవికోడిది కాదనీ, దక్షిణాది అడవుల్లో బతికే బూడిద రంగు అడవికోడి నుంచి సంకరం ద్వారా వచ్చిందనీ 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చూపించారు. ప్రపంచంలో ఎక్కడ పసుపు కాళ్ల కోడి కనిపించినా దానిలో దక్కను, కనుమల అడవుల అంశ కొంత ఉన్నట్టే.

తెలుగు సాహిత్యానికి కోడి బాగా తెలుసు గాని, తెలిసింది పుంజు మాత్రమే. దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో ప్రమతి కథలో కోడిపందెం ఉంది. దాన్ని 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేశాడు. ఓరుగల్లు వీధుల్లో ఒక రోజు తిరిగిన వేడుకను చెప్పే క్రీడాభిరామం కోడిపందేన్ని వదిలిపెట్టలేదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి దారితీసిన కలహం బ్రహ్మనాయుడికి, నాగమ్మకు మధ్య జరిగిన కోడిపందెంతో ముడిపడి వీరగాథగా నిలిచింది. బరిలో దిగిన పుంజుకు పేరు, రంగు, నక్షత్రం చూసి చెప్పే కుక్కుటశాస్త్రం దాకా పుట్టుకొచ్చింది. అయితే ఆ పుంజును గుడ్డులో ఉన్ననాటి నుంచి కాచి పెంచిన పెట్ట గురించి, దాన్ని గంప కింద కూర్చోబెట్టిన ఆడమనిషి గురించి ఈ గ్రంథాలు దాదాపు మౌనంగానే ఉన్నాయి. దీనికి కొంత కారణం ధర్మశాస్త్రాల్లో ఉంది. మనుస్మృతి ఊరకోడిని ఉల్లి, వెల్లుల్లి, ఊరపందులతో కలిపి ద్విజులు తినకూడని వాటి జాబితాలో చేర్చింది. గ్రంథాలు రాసే వర్గాల పెరట్లో కోళ్లగూడు లేకపోవడంతో గూటి విద్య గ్రంథానికి ఎక్కలేదు. మిగిలిన కారణం ఇంకా మామూలుది. కోళ్లు ఆడవాళ్ల సొత్తు, గుడ్ల డబ్బు ఆడవాళ్ల చేతి డబ్బు, ఆ లెక్క కరణం కవిలెలోకి వచ్చేది కాదు. పుంజు మీద పందెం కాసినవాడి పేరు నిలిచింది గాని పుంజును పెంచిన మనిషి పేరు నిలవలేదు.

ఆ రాయని విద్య తీరు తెలుసుకోవడానికి నేటి పల్లెల్లో మిగిలిన అలవాట్లే ఆధారం. దేశవాళీ పెట్ట ఒక విడతకు 10 నుంచి 15 గుడ్లు పెట్టి, ఆ తరువాత గుడ్లు పెట్టడం ఆపి, గూటిలో కదలకుండా కూర్చుంటుంది. దగ్గరికి వెళితే ఈకలు రిక్కించి, గొంతు మార్చి గురగురమంటుంది. ఈ మార్పుకు మూలం దాని మెదడు కింది గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ అనే స్రావం, అంటే శరీరం తనలోనే తయారుచేసుకుని రక్తంలోకి వదిలే రసాయనం. దాని ప్రభావంతో గుడ్ల ఉత్పత్తి ఆగి, పొట్ట కింద ఈకలు పలచబడి, చర్మపు వేడి నేరుగా గుడ్డుకు తగులుతుంది. ఈ లక్షణం కనిపించగానే ఇంటి ఇల్లాలు అంతవరకు బియ్యంలోనో చిట్టులోనో దాచిన గుడ్లను తీసి, దీపానికో ఎండకో అడ్డంగా పట్టి చూసి, పగులు ఉన్నవాటిని, మరీ పాతవాటిని పక్కనపెట్టి, పాత గంపలో గడ్డి, ఇసుక లేదా బూడిద పరిచి, దాని మీద గుడ్లు పేర్చి, చీకటి పడ్డాక పెట్టను మెల్లగా కూర్చోబెడుతుంది. గుడ్ల సంఖ్య బేసిగా ఉండాలని కొందరి పట్టుదల. పెట్ట రెక్కల కిందికి వచ్చినన్నే వేయాలన్న జాగ్రత్త మాత్రం అందరిదీ. ఒక్క గుడ్డు ఎక్కువైనా ఒక్కో పూట ఒక్కో గుడ్డు బయటపడి చల్లారి, చివరికి అన్నీ చెడతాయి.

పెట్ట 21 రోజులు కూర్చుంటుంది. రోజుకు ఒకసారి మాత్రమే లేచి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి తిరిగి వస్తుంది. ఆ రోజుల్లో అది ముక్కుతో గుడ్లను పదేపదే దొర్లిస్తూ ఉంటుంది. దొర్లించకపోతే లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుని చనిపోతుంది. అంచున చల్లబడ్డ గుడ్డును మధ్యకు, మధ్యలో వేడెక్కినదాన్ని అంచుకు మార్చడం కూడా దాని పనే. నేటి పొదిగే యంత్రం 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి నిలిపి, పళ్లేలను గంటగంటకూ అటూ ఇటూ వంచుతూ చేసేది అచ్చంగా ఇదే. గుడ్లు వేసిన గంపలో ఇనుప ముక్క, బొగ్గు, ఎండు మిరపకాయ పెట్టడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటు. ఉరుము వింటే గుడ్డు మురిగిపోతుందని నమ్మిక. ఉరుముకు గుడ్డు చెడదు గాని, ఉరుముల కాలం వేసవి చివర కావడం, ఆ ఎండల్లో దాచిన గుడ్డులో పిండం పెట్ట కిందికి చేరకముందే అరకొరగా ఎదగడం మొదలై మధ్యలో చచ్చిపోవడం నిజం. కారణం తప్పుగా చెప్పినా చెడే కాలాన్ని పెద్దలు సరిగ్గానే గుర్తించారు. అందుకే తొలకరికి ముందు వేసిన గుడ్ల కన్నా చలికాలంలో వేసిన గుడ్ల మీద నమ్మకం ఎక్కువ.

పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. తల్లి వాటిని రెండు నెలల దాకా వెంట తిప్పుకుంటూ, చెత్తకుప్పను కాలితో గీరి పురుగును చూపిస్తూ, గద్ద నీడ పడగానే ఒక కేకతో అందరినీ రెక్క కిందికి చేరుస్తుంది. మనిషి చేసే సాయం తక్కువ: పగలు గంప బోర్లించి కాసేపు కాపాడడం, నూకలు, రాగులు, తవుడు చల్లడం, దొరికినప్పుడు చెదపుట్ట పగలగొట్టి చెదలు తెచ్చి వేయడం. గద్ద, కాకి, పిల్లి, ముంగిసలకు పోగా, రోగాలకు పోగా, పది పిల్లల్లో సగం పెద్దవైతే మంచి తల్లి అనిపించుకుంటుంది. ఈ మాతృత్వాన్ని పల్లె ఇంకో జాతికి కూడా వాడుకుంది. బాతు సాధారణంగా మంచి పొదుగరి కాదు కనుక దాని గుడ్లను కోడి కింద వేసేవారు. 28 రోజులు ఓపిగ్గా కూర్చుని లేపిన పిల్లలు తన కళ్లెదుటే గుంటలోకి దిగి ఈదుతుంటే ఒడ్డున అటూ ఇటూ పరుగెత్తే పెట్టను చూసి నవ్వని పల్లె పిల్లవాడు లేడు.

ఇంత జాగ్రత్త గల తల్లిలో ఇంటివారికి నచ్చని లోపం ఒక్కటే. పెట్ట 21 రోజులు గుడ్ల మీద, ఆపైన రెండు నెలలు పిల్లల వెంట ఉంటుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలకు మించి గుడ్లు పెట్టే వీలు లేదు. దేశవాళీ కోడి ఏడాదికి సుమారు 40 నుంచి 60 గుడ్లే పెట్టడానికి, అసీల్ అనే పందెం జాతి పెట్ట ఇంకా తక్కువగా 30-40 దగ్గర ఆగడానికి మేత లోటు ఒక కారణమైతే, పొదిగే గుణం ఇంకా పెద్ద కారణం. గుడ్లే కావాలనుకున్న ఇల్లాలు కూర్చున్న పెట్టను చన్నీళ్లలో ముంచేది, కాలికి తాడు కట్టి వెలుతురులో వదిలేది, కొన్నిచోట్ల ముక్కు రంధ్రంలో ఈక గుచ్చేది. ఇవన్నీ ఒక్క పెట్టలో, కొద్ది రోజుల కోసం ఆ గుణాన్ని ఆపే ప్రయత్నాలు. పాశ్చాత్య ప్రజనన శాస్త్రం ఇదే పనిని జాతి మొత్తానికి, శాశ్వతంగా చేసింది.

అక్కడికి వెళ్లేముందు, డబ్బు లేకుండా పిల్ల చేతులు మారిన పద్ధతిని గురించి చెప్పుకోవాలి. గోదావరి మన్యంలోని ఆదివాసీ గ్రామాల్లో వాటా అనే ఏర్పాటు ఉంది. కోళ్లు ఉన్న ఇల్లు ఒక పెట్టను లేని ఇంటికి ఇస్తుంది. తీసుకున్న ఇల్లు దాన్ని పెంచి, పొదిగించి, లేచిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. ఒక విడత పిల్లలు చేతికొస్తే రెండో ఇంటికి సొంత మంద మొదలవుతుంది. కోళ్లు పెరిగాక వాటిని అమ్మి మేక, మేకలు పెరిగాక దూడ అన్న క్రమంలో ఆస్తి పెరుగుతుంది గనుక కోడిపిల్ల అక్కడ సంపాదనకు మొదటి మెట్టు. మైదాన ప్రాంతాల్లోనూ ఇదే ఏర్పాటు పాలుకు ఇవ్వడం అన్న పేరుతో మేకలకు, గొర్రెలకు, పశువులకు చెల్లుతుంది. ఈ పద్ధతి అంతా పెట్ట పొదుగుతుందన్న భరోసా మీదనే నిలబడింది. పొదగని పెట్టను వాటాకు ఇస్తే పంచుకోవడానికి గుడ్లే తప్ప పిల్లలు ఉండవు.

పెట్ట అవసరం లేకుండా పిల్లల్ని లేపడం ప్రాచీన ఈజిప్టుకు తెలుసు. మట్టి ఇటుకల పొయ్యిల్లో పేడ, గడ్డి నిప్పుతో వేడి నిలిపి, వేల గుడ్లను ఒకేసారి పొదిగించే వృత్తి కుటుంబాలు అక్కడ ఉండేవి. వేడిని గుడ్డును కంటిరెప్పకు ఆనించి కనిపెట్టేవారు. ఆ విద్యను ఐరోపాలో ప్రయత్నించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమూర్ 1749లో దానిపై గ్రంథమే వెలువరించాడు. అయితే చల్లని దేశంలో వేడిని స్థిరంగా నిలిపే సాధనం 19వ శతాబ్ది ద్వితీయార్ధం దాకా కుదరలేదు. 1879లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో లైమన్ బైస్ రూపొందించిన యంత్రం ఆ ఊరిని గుడ్ల రాజధానిగా మార్చింది. ఆ తరువాతి ముందడుగు పిల్ల శరీరంలో ఉన్న ఒక సౌకర్యం వల్ల సాధ్యమైంది. గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. ఆ నిల్వతో అది రెండు మూడు రోజులు మేత, నీరు లేకపోయినా బతకగలదు. గూటిలో ముందు లేచిన పిల్ల వెనక లేచే తోబుట్టువుల కోసం ఎదురుచూడడానికి ప్రకృతి ఇచ్చిన గడువు అది. ఆ గడువును 1892లో న్యూజెర్సీకి చెందిన జోసెఫ్ విల్సన్ రైలు ప్రయాణానికి వాడుకుని ఒక రోజు వయసు పిల్లలను దూరప్రాంతానికి పంపాడు; 1918లో అమెరికా తపాలా శాఖ కోడిపిల్లల పెట్టెలను అధికారికంగా స్వీకరించింది.

మరో ముడి జపానులో వీడింది. అప్పుడే లేచిన పిల్ల పెట్టో పుంజో చూపుకు తెలియదు. 1920లలో జపాను పశువైద్యులు పిల్ల వెనుక రంధ్రాన్ని మెల్లగా విప్పి, లోపలి చిన్న బొడిపెను బట్టి గుర్తించే పద్ధతిని కనిపెట్టి, 1927లో కెనడాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో వెల్లడించారు. దాంతో గుడ్ల జాతుల పిల్లలను లేచిన రోజే రెండుగా విడదీసి, పెట్టలను మాత్రమే కొనేవారికి పంపడం మొదలైంది. గుడ్లు పెట్టని, మాంసానికి త్వరగా ఎదగని మగపిల్లకు ఆ లెక్కలో చోటు లేకుండా పోయింది.

భారతదేశంలో మేలుజాతి కోళ్ల ప్రచారం 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఎక్కువగా క్రైస్తవ మిషన్ల చేతుల మీదుగా సాగింది. ఉత్తరప్రదేశ్‌లోని ఏటా పట్టణంలో అమెరికన్ మిషన్ కోళ్ల క్షేత్రం, తిరువాన్కూరు మార్తాండంలో స్పెన్సర్ హాచ్ నడిపిన గ్రామ పునర్నిర్మాణ కేంద్రం పేద కుటుంబాలకు వైట్ లెగ్‌హార్న్ పుంజులను, గుడ్లను అందించేవి. లెగ్‌హార్న్ ఇటలీ మూలం గల తెల్ల జాతి. గుడ్లు దండిగా పెట్టే ఈ కోడికి పొదిగే కోరిక దాదాపు లేదు. మిషన్ల పథకంలో ఇది అడ్డంకి కాలేదు. పుంజు ఒక్కటే బయటిది, పెట్ట ఊరిదే గనుక పొదగడం యథావిధిగా సాగేది. వారిని దెబ్బతీసింది వేరే ఉపద్రవం. 1926లో జావాలోను, ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోను బయటపడ్డ కోళ్ల మహమ్మారి 1927లో కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో కనిపించి, భారతదేశంలో ఆ ఊరి పేరుతోనే స్థిరపడింది. తెలుగు పల్లె దాన్ని కొక్కెర తెగులు అంటుంది. మెడ వంకరపోయి, కాళ్లు పడిపోయి, పచ్చగా పారుకుని, రెండు మూడు రోజుల్లో ఊరి కోళ్లన్నిటినీ ఊడ్చుకుపోయే ఈ రోగానికి 1940లలో ముక్తేశ్వర్ పరిశోధనాలయం టీకా తయారుచేసింది. మన దేశపు కోళ్ల పరిశ్రమకు పునాది ఏదంటే మేలుజాతి కంటే ముందు ఈ టీకా పేరే చెప్పడం న్యాయం. అది లేకపోతే వెయ్యి కోళ్లను ఒక షెడ్డులో పెట్టే ధైర్యం ఎవరికీ వచ్చేది కాదు.

స్వాతంత్ర్యం తరువాత ప్రణాళికల కాలంలో ప్రభుత్వ ప్రజనన క్షేత్రాలు వెలిశాయి. 1960ల తొలి ఏళ్లలో ఆర్బర్ ఏకర్స్ వంటి అమెరికన్ సంస్థల భాగస్వామ్యంతో సంకర జాతి పిల్లలు దేశంలోకి వచ్చాయి. తెలుగునాట ఈ వ్యాపారానికి రూపం ఇచ్చినవాడు బండా వాసుదేవరావు. హైదరాబాదు దగ్గర కొద్దిపాటి కోళ్లతో మొదలుపెట్టి 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించి, మూల జాతుల ప్రజననాన్ని దేశంలోనే జరిపించి, 1982లో గుడ్ల ధరను రైతులే ప్రకటించుకునేలా జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టాడు. ఆయన పని వల్ల అనపర్తి, తణుకు, హైదరాబాదు చుట్టుపక్కల రైతులు కోళ్ల షెడ్లకు మళ్లారు. రాష్ట్ర విభజన తరువాత కూడా గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో, తెలంగాణ మూడో స్థానంలో ఉన్నాయి. ఏడాదికి 300కు పైగా గుడ్లు పెట్టే ఈ సంకర పక్షి ఒక్కసారి కూడా గుడ్డు మీద కూర్చోదు. దాని పిల్లను దాచుకుని విత్తనంగా వాడుకోవడం కూడా కుదరదు, ఎందుకంటే రెండు మూడు వేరు వేరు తల్లిదండ్రుల వరుసలను కలిపితే వచ్చే సంకర బలం తరువాతి తరంలో చెదిరిపోతుంది. సంకర మొక్కజొన్న విత్తనంలాగే పిల్లను ప్రతిసారీ కొనవలసిందే.

ఇలా మొదలైన కొనుగోలుకు తనదైన సామగ్రి ఏర్పడింది. చుట్టూ రంధ్రాలు, లోపల నాలుగు గదులు, గదికి 25 చొప్పున 100 పిల్లలు పట్టే అట్టపెట్టె హేచరీ నుంచి రాత్రిపూట బస్సు మీదనో వ్యానులోనో వచ్చేది. దారిలో చచ్చేవాటికి పరిహారంగా నూటికి రెండు ఎక్కువ వేయడం వ్యాపార ఆచారం. మెడ దగ్గర మారెక్స్ వ్యాధి టీకా హేచరీలోనే వేస్తారు. ఇక తల్లి పని మనిషి మీద పడింది. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గింపు, పిల్లకు రెండు వాట్ల లెక్కన బల్బులు, మూలల్లో గుమికూడి ఒకదాని కింద ఒకటి నలిగిపోకుండా గుండ్రంగా కట్టిన రేకు, వరిపొట్టు మీద పరిచిన కాగితం, దాని మీద మొక్కజొన్న రవ్వ: బ్రూడర్ అనే ఈ ఏర్పాటు రెక్క కింది చోటుకు మనిషి చేసిన నకలు. అందులో వేడి కొలవడానికి అనుభవజ్ఞుడు ఉష్ణమాపకం చూడడు, పిల్లల్ని చూస్తాడు. బల్బు కింద గుంపు కడితే చలి, అంచులకు పోయి నోళ్లు తెరిస్తే వేడి, చెదురుగా తిరుగుతూ తింటుంటే సరి.

హేచరీలో మిగిలిన మగపిల్లలు పట్టణాల్లో వేరే రూపంలో కనిపించాయి. గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ముంచిన పిల్లలను సైకిలు మీద బుట్టలో పెట్టుకుని బడుల ముందు, సంతల్లో అమ్మేవారు. పట్నపు పిల్లల్లో చాలామందికి కోడిపిల్లతో మొదటి పరిచయం ఇదే. చవకగా దొరికిన ఆ పిల్ల బల్బు వేడి లేక, రంగుతో ఒళ్లు తడిసి, రెండు మూడు రోజుల్లో చనిపోవడం కూడా అంతే మామూలు. జీవిని ఆటబొమ్మగా అమ్మిన ఈ అలవాటును కోళ్ల వ్యాపారం తనకు సంబంధించనిదిగా చూసినా, దానికి సరుకు అందించింది ఆ వ్యాపారంలోని లెక్కే.

షెడ్డు కోళ్లు పెరిగిన కొద్దీ పెరటి కోడి వెనకబడిందన్న గుర్తింపు 1980ల చివరికి వచ్చింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడ్డ జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ, పెరట్లో తిరిగి బతకగల మేలుజాతిని తయారుచేయడం తన పనుల్లో ఒకటిగా తీసుకుంది. అక్కడ పుట్టిన వనరాజా మాంసానికి, గుడ్లకు రెంటికీ పనికొచ్చే పక్షి. గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకు. అదే ప్రాంతంలోని పశువైద్య కళాశాల రాజశ్రీని ఇచ్చింది. తెల్ల కోడిని గద్ద దూరం నుంచే చూస్తుంది గనుక వీటికి నేలలో కలిసే రంగు ఈకలు, పరుగెత్తే పొడుగు కాళ్లు ఉండేలా ఎంపిక చేశారు. దేశవాళీ కంటే రెండు మూడింతల గుడ్లు, తక్కువ కాలంలో ఎక్కువ బరువు వీటి వరం. జాతీయ పశుగణ మిషన్ కింద పేద కుటుంబానికి విడతలుగా 45 పిల్లలను ఇచ్చిన పథకం ఇటువంటి జాతులను ఇంటింటికి చేర్చింది. పిల్లలను నాలుగు వారాలు మదర్ యూనిట్ అనే చోట బల్బుల కింద పెంచి, టీకాలు వేసి, ఆ తరువాత పంచేవారు. పథకం రూపకర్తలు ఆ యూనిట్‌కు తల్లి పేరు పెట్టడం తెలిసి చేసినా తెలియక చేసినా సరైన పనే, ఎందుకంటే ఈ కోళ్లకు కూడా పొదిగే గుణం లేదు లేదా నామమాత్రం.

ఈ లోటు పల్లెలో వెంటనే తెలిసింది. 45 పిల్లలు పెరిగి, గుడ్లు పెట్టి, ముసలివై పోయాక మళ్లీ పిల్లల కోసం కార్యాలయం చుట్టూ తిరగవలసి వచ్చింది. ఓపిక గల ఇళ్లు వనరాజా గుడ్లను తమ పాత దేశవాళీ పెట్ట కింద వేసి పిల్లల్ని లేపుకున్నాయి. లేచిన పిల్లల్లో వనరాజా గుణాలు అన్నీ రావు గాని కొన్ని వస్తాయి. ఒకప్పుడు బాతుకు చేసిన సాయాన్నే ఇప్పుడు పరిశోధనాలయపు కోడికి ఊరి కోడి చేసింది.

పొదిగే పెట్టకు ఆదరణ ఏమాత్రం తగ్గనిది గోదావరి జిల్లాల పందెంకోళ్ల పెంపకంలో. కోడిపందెం చట్టరీత్యా నేరమే అయినా సంక్రాంతికి పుంజులు పెంచే ఇళ్లలో పిల్లను వంశం చూసి కొంటారు. కాకి, డేగ, నెమలి, సేతు, పింగళ వంటి రంగుల కట్టు చూసి, గెలిచిన పుంజు సంతతి గుడ్డుకే మామూలు గుడ్డుకు ఎన్నో రెట్లు ఇస్తారు. ఆ గుడ్డును యంత్రంలో కంటే మంచి పెట్ట కింద వేయడానికే చాలామంది మొగ్గు చూపుతారు. అసీల్ జాతి నేటి దాకా నిలిచిందంటే అందులో జూదరి డబ్బుకు పాలు ఉందని ఒప్పుకోక తప్పదు. పొగడదగిన కారణం కాకపోయినా చరిత్రకు అది కారణమే.

నాటుకోడి మాంసానికి బ్రాయిలర్ కోడి కంటే మూడు నాలుగింతల ధర పలకడం, కడక్‌నాథ్ వంటి నల్లకోడికి మోజు పెరగడం, చిన్న ఇంక్యుబేటర్లు కొన్ని వేల రూపాయలకే దొరకడంతో పిల్లల కొనుగోలు మళ్లీ ఇళ్లకు చేరింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో మొత్తం కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు 85.18 కోట్లు; అందులో పెరటివి 31.71 కోట్లు. 2012తో పోలిస్తే షెడ్డు కోళ్లు 4.5 శాతం మాత్రమే పెరగగా పెరటి కోళ్లు సుమారు 46 శాతం పెరిగాయి. అయితే ఈ ముచ్చటతో కొన్న పిల్లల్లో చాలా భాగం బతకడం లేదు, దానికి మొదటి కారణం నేటికీ కొక్కెర తెగులే. 7వ రోజున కంట్లో, ముక్కులో వేసే లసోటా టీకా చుక్కలు, 8వ వారంలో వేసే ఆర్2బి సూది దానికి చాలు. చిక్కంతా సీసా పరిమాణంలో ఉంది. ఒక సీసాలో సాధారణంగా 100 లేదా అంతకంటే ఎక్కువ కోళ్లకు సరిపడే మందు ఉంటుంది. దాన్ని చల్లగా ఉంచాలి, ద్రావకంలో కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఒంటరిగా సీసా కొనలేదు, కొన్నా మిగిలినది పారబోయాలి. పది ఇళ్లవారు కూడబలుక్కుని, ఒక రోజు చెప్పుకుని, తెల్లవారుజామున కోళ్లను గూటి నుంచి వదలకముందే అందరి కోళ్లకూ ఒకే సీసా నుంచి టీకా వేయించుకుంటే ఖర్చు కోడికి కొద్ది రూపాయలు దాటదు. పెరట్లో పిల్లల్ని పెంచాలనుకునేవారు జాతి ఎంచుకోవడానికి ముందు ఆ పది ఇళ్లను ఎంచుకోవాలి.